పాచి సంగతి

వీరాస్వామి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అతని ఫొటోకి దండ వేసే సంఘం ఏదీ లేదు. రాజమండ్రిలో ఇళ్లలో పెట్టుకునే చేపల తొట్లు శుభ్రం చేసి, నీళ్లు మార్చి, చేపల్ని బతికించడం అతని పని. అతన్ని ఎండ చంపిందని అందరూ అంటారు. నేను మాత్రం ఆ మాట అనలేను. ఎందుకనలేనో చెప్పడానికే ఇది మొదలుపెట్టాను.

అప్పట్లో మేము దానవాయిపేటలో ఒక ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన విశ్వనాథ్ గారు బ్యాంకులో ఆఫీసరు. కింద వాటాలో ఇంటివాళ్లు, నాగేశ్వరప్రసాద్ గారూ ఆయన భార్య ప్రసన్నలక్ష్మి గారూ. తాడితోటలో వాళ్లకి బట్టల హోల్‌సేల్ కొట్టు ఉంది. మంచివాళ్లు. తొమ్మిదేళ్లలో నీళ్ల మోటారు దగ్గర ఒక్క మాట కూడా రాలేదంటే ఇంటివాళ్ల గురించి అంతకన్నా చెప్పక్కర్లేదు.

ఒక ఏడాది కొట్లో బేరాలు మందగిస్తే, ఎవరో వాస్తు చెప్పే ఆయన హాల్లో ఈశాన్యం మూల నీళ్లు పెట్టమన్నాడట. నాలుగడుగుల అద్దాల తొట్టి వచ్చింది. అందులో ఎనిమిది ఎర్ర చేపలు, దిష్టికి ఒక నల్ల చేప. ఆ ఏడే వ్యాపారం పుంజుకుంది. చేపల వల్ల పుంజుకుందో, పెళ్లి ముహూర్తాలు ఎక్కువై పుంజుకుందో నేను చెప్పలేను గానీ, అప్పట్నుంచీ ఆ ఇంట్లో చేపలంటే లక్ష్మీదేవి కిందే లెక్క. కొట్టుకి వెళ్లే ముందు ఆయన దేవుడికి ఒక దణ్ణం, తొట్టికి ఒక దణ్ణం పెట్టేవారు.

ఆ తొట్టి చూసుకోవడానికి వచ్చేవాడు వీరాస్వామి. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నెత్తిన ఎప్పుడూ తడి తువ్వాలు. సైకిలు వెనక ఒక ప్లాస్టిక్ బక్కెట్టు, అందులో రబ్బరు గొట్టం, అద్దం గీకే బ్లేడు, గుడ్డలో చుట్టిన థర్మామీటరు. సోమవారం, గురువారం వచ్చేవాడు. ఎండాకాలంలో అయితే పొద్దున్న ఏడింటికే వచ్చి తొమ్మిదిలోపు పారిపోయేవాడు. మళ్లీ సాయంత్రం అయిదు దాటితే గానీ రోడ్డు మీద కనిపించేవాడు కాదు.

నాకు నోటి దురద ఎక్కువ. ఒకరోజు మెట్ల మీద నిలబడి అడిగాను. "ఏం వీరాస్వామీ, ఎండ తగిలితే కరిగిపోతావా? వెన్నముద్దవా నువ్వేమైనా?"

"కరగడం కాదండమ్మా, ఏకంగా పోతానండి," అని నవ్వాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. అతనిది ఆకివీడు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు జోరుగా సాగిన రోజుల్లో పదేళ్లు ఆ గట్ల మీదే బతికాడు. చెరువులో మోచెయ్యి ముంచి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పేవాడట, ఇంజనీర్లు మీటరు పెట్టి చూస్తే అరడిగ్రీ అటూ ఇటూగా అంతే ఉండేదట. తర్వాత రొయ్యలకి తెగులొచ్చింది. చెరువుల ఆసాములే కుదేలైపోతే కాపలావాడి గోడు ఎవరిక్కావాలి! చేపల చెరువుల మీద కూలికి వెళ్లాడు. తొంభై ఎనిమిది మే నెలలో మేత బస్తా మోస్తూ గట్టు మీద విరుచుకు పడిపోయాడు. భీమవరంలో ఒక ఆస్పత్రిలో మూడు రోజులు తెలివి లేకుండా ఉన్నాడు. బతికి బయటపడ్డాక డాక్టరు చెప్పిన మాట ఒకటే. నీ ఒళ్లు ఇంక వేడిని ఓర్చుకోలేదు, ఇంకోసారి వడదెబ్బ తగిలితే నిన్ను ఇక్కడికి తీసుకురావడం కూడా దండగే.

దాంతో నీడపట్టున చేసే పని వెతుక్కుంటూ రాజమండ్రి వచ్చాడు. చేపలమ్మే కొట్లో ఏడాది చేసి, సైకిలు కొనుక్కుని సొంతంగా ఇళ్ల తొట్లు పట్టుకున్నాడు. "నాకొచ్చిందల్లా నీళ్ల పనేనండి. నీడలో ఉండే నీళ్లు ఇయ్యొక్కటే గదండి," అనేవాడు.

ఆ తొట్లు ఇరవై దాకా ఉండేవి. ముప్పాతిక వంతు బట్టల వ్యాపారస్తుల ఇళ్లే. నాగేశ్వరప్రసాద్ గారు ఒకరికి చెబితే, ఆయన ఇంకొకరికి చెప్పి, అలా వచ్చినవే. వాళ్లంతా అతన్ని చేపల డాక్టరనేవారు. 'హస్తవాసి మంచిది' అనే మాట ఒక్కటే అతనికున్న బోర్డు. ఆ బోర్డు ఉన్నంతకాలం అతను ఎండలోకి వెళ్లక్కర్లేదు, ప్రాణానికి ఢోకా లేదు. ఈ సంగతి అతనికి తెలుసు, మా వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మా ఆయన ఇలాంటి విషయాలంటే చెవి కోసుకుంటారు. సెలవురోజు కిందకి దిగి తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. నేను మెట్ల మీద కూర ఏరుకుంటూ ఒక చెవితో వింటూండేదాన్ని.

"చేప ఏ నీళ్లలో బతుకుద్దో ఆ నీళ్లలోనే ఉచ్చ పోసుద్దండి. అది ఇసవండి దానికి," అనేవాడు వీరాస్వామి.

"మరి ఫిల్టరు వడకట్టేస్తుంది కదయ్యా," అనేవారు మా ఆయన.

"ఈ స్పాంజి వడకడద్దనుకుంటారండి అందరూ. వడకట్టేది మట్టినేనండి. ఇసాన్ని తినేది దీనికి పట్టిన పాచండి. కంటికి కనపడని జీవాలండి అయ్యి. అయ్యి బతికున్నంతసేపే ఇయ్యి నీళ్లండి. చచ్చిపోయినియ్యనుకోండి, మోటారు ఎంత తిరిగినా దండగేనండి."

స్పాంజిని కడిగేటప్పుడు కూడా అతను కుళాయి దగ్గరికి వెళ్లేవాడు కాదు. తొట్టిలోంచే చెంబుడు నీళ్లు బక్కెట్లోకి తోడి, అందులో రెండంటే రెండే పిసుకుళ్లు పిసికి మళ్లీ లోపల పెట్టేసేవాడు. గోధుమరంగు జిగురు అలాగే ఉండేది. ఇదేం కడగడంరా నాయనా అనుకునేదాన్ని నేను.

నీటి వేడి గురించి కూడా చెప్పేవాడు. "చలికాలం ఇరవై రెండుకి దిగితే పాచి బద్ధకిస్తదండి, అప్పుడు మేత తగ్గించాలండి. ఎండాకాలం మా చెడ్డ చురుకండి దానికి. కానీ గాలి ఎక్కువ కావాలండి. నీళ్లు వేడెక్కితే గాలి నిలబడదు కదండి. పైగా ఆ వేడికి ఇసం కూడా ఘాటెక్కుద్దండి. చేపకి ఊపిరాడదు, పాచికి ఊపిరాడదు, ఇసం మండుద్ది. మూడూ ఒక్కసారే మీద పడతాయండి. ముప్పై రెండు దాటిందంటే నాకు నిద్ర పట్టదండి."

మా ఆయన పైకొచ్చి ఇదంతా నాకు మళ్లీ చెప్పబోయేవారు. భోజనం ముందు చేపల ఉచ్చ గురించి మాట్లాడకండి అని కసిరేదాన్ని. ఒక్కసారి నోరు మూసుకుని పూర్తిగా విని ఉంటే, ఇప్పుడు ఇలా రాయవలసి వచ్చేది కాదు.

ఇక్కడ నా గురించి కొంత చెప్పాలి. మాది కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. మా అమ్మ, పాచిపని అవకుండా పొయ్యి వెలిగిస్తే కొంపకి అరిష్టమనేది. తెల్లవారి లేస్తే పాచిమొహం, పాచిపళ్లు, పాచిగిన్నెలు, పాచివాకిలి. అన్నీ వదిలించాకే కాఫీ. నాకు పెళ్లయి పాతికేళ్లయినా ఆ అలవాటు పోలేదు. పోకపోగా ముదిరింది. మా వీధిలో నా శుభ్రం గురించి చెప్పుకుని నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకున్నారు గానీ నాకు అదో గొప్ప. పాచి అనే మాటకి నాకు తెలిసిన పని ఒక్కటే, వదిలించడం.

రెండువేల రెండు మే నెలలో నాగేశ్వరప్రసాద్ గారి కుటుంబం బదరీనాథ్ యాత్రకి బయల్దేరింది. పన్నెండు రోజులు. "చేపలు మీకు అప్పగిస్తున్నాం సీతారామలక్ష్మి గారూ. మీ చేతిలో పెడితే మాకు బెంగ లేదండి," అని ప్రసన్నలక్ష్మి గారు తాళంచెవి నా చేతిలో పెట్టింది. దాన్ని కొంగున ముడేసుకున్నాను.

ఆ ఏడు ఎండలు ఎలా ఉన్నాయో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. రోజూ పేపర్లో వడదెబ్బ చావులే. మధ్యాహ్నం పూట కరెంటు తీసేసేవారు. వాళ్లు వెళ్లిన తరువాతి సోమవారం వీరాస్వామి ఏడింటికే వచ్చి, తొట్టి పని చేసి, వెళ్లబోతూ నాకు జాగ్రత్తలు చెప్పాడు.

"మళ్లీ గురువారం వత్తానండమ్మా. ఈలోగా నీళ్లు ముప్పై రెండు దాటితే ఐసు ముక్కలు కవర్లో మూటకట్టి తొట్లో ఏలాడదియ్యండి. మేత చిటికెడే ఎయ్యండి. కరెంటు పోతే చెంబుతో నీళ్లు తోడి పైనించి పొయ్యండి, గాలి కలుసుద్ది." గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "పాచి సంగతి కాస్త చూస్తా ఉండండమ్మా. ఈ ఎండకి అంతా దాని మీదే ఉందండి."

పాచి సంగతి చూడమన్నాడు. నాకే చెప్పాడు. నాకు పౌరుషం వచ్చింది కూడా. పాచి సంగతి నువ్వు నాకు చెప్పాలిటయ్యా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మా వాటాలో పాచిపని ముగించుకుని కిందకి దిగాను. తొట్టి మూత తీసి స్పాంజి చూశాను. చేత్తో ముట్టుకుంటే జారిపోయే జిగురు, పాచిగిన్నె అడుగు రంగు. పన్నెండు రోజులు ఇంటివాళ్లు లేకపోతే ఇలాగే ఉంచుతాడన్నమాట అనుకున్నాను. ఊడదీసి పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. డాబా మీద ట్యాంకులో నీళ్లు, తొమ్మిదింటికే చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తున్నాయి. ఇంకా మంచిదే, జిడ్డు బాగా వదుల్తుందనుకున్నాను. చాకిరేవు బండ మీద బట్ట ఉతికినట్టు ఉతికాను. నాలుగు బక్కెట్ల నీళ్లు పట్టాయి. చివరికి అప్పుడే వాయి దించిన ఇడ్లీలా తెల్లగా తేలింది. తీసుకెళ్లి పెట్టి, మోటారు వేసి, కాసేపు అక్కడే నిలబడి చూసి ముచ్చటపడ్డాను. ఎండకి ఆకలేస్తుందేమో పాపమని మేత కూడా రెండు చిటికెలు వేశాను.

ఆ రోజంతా నీళ్లు అద్దంలా ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నానికి బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి. థర్మామీటరు ముప్పై నాలుగు చూపిస్తోంది. కరెంటు లేదు. ఐసు వేశాను. చెంబుతో తోడి పోశాను, చెప్పినట్టే. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుచుకుని నీళ్ల మీద గాలి మింగుతున్నాయి. ఎండ వల్ల అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇందులో అబద్ధం లేదు. అబద్ధం మర్నాడు వచ్చింది.

గురువారం పొద్దున్న తలుపు తీస్తే నాలుగు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వీరాస్వామి ఏడింటికి వచ్చాడు. తొట్టి చూసి బక్కెట్టు కింద పెట్టేశాడు. మోచెయ్యి నీళ్లలో ముంచాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి స్పాంజి బయటికి తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మగారూ, స్పాంజిని ఎవరైనా ముట్టుకున్నారాండి?"

అతని గొంతులో కోపం లేదు. డాక్టరు రోగిని ఏం తిన్నావని అడిగినట్టు అడిగాడు, వైద్యం చెయ్యడానికి. నాకు ఆ క్షణంలో మొత్తం అర్థమైపోయింది. మెట్ల మీద ఒక చెవితో విన్నదంతా ఒక్కసారి బుర్రలోకి వచ్చి కూర్చుంది. నా శుభ్రమే వాటి కొంప ముంచిందని తెలిసింది. ఇంటివాళ్ల లక్ష్మీదేవిని నేను ఉతికి చంపానని వీధిలో చెప్పుకుంటారని తోచింది. భయం కాదు అది, సిగ్గు.

"లేదే," అన్నాను.

తాళంచెవి నా కొంగునే ఉంది. నేను తప్ప ఆ ఇంట్లోకి మరో మనిషి వెళ్లలేదు. అది అతనికీ తెలుసు. నా మొహం వంక చూశాడు, స్పాంజి వంక చూశాడు. "ఆయ్," అన్నాడు, అంతే.

తర్వాత ఆ మనిషి పడ్డ పాట్లు నేను స్టూలు మీద కూర్చుని చూశాను. నీళ్లు సగం తీసి కొత్త నీళ్లు చల్లార్చి పోశాడు. చెంబుతో ఎత్తి పోస్తూనే ఉన్నాడు. తొమ్మిదయింది, పదయింది, పదకొండయింది. వెళ్లలేదు. పన్నెండు దాటాక, "ఇన్నీసుపేటలో ఒకరింట్లో పాత తొట్టుందండి. దాని స్పాంజి తెచ్చి ఇందులో పెడితే ఆ పాచి ఈటిని నిలబెట్టుద్దేమో," అన్నాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. కుక్క కూడా రోడ్డు మీద లేదు. వెళ్లొద్దని అనలేకపోయాను. వెళ్లొద్దంటే ఎందుకని అడుగుతాడు. వాటికోసం నీ ప్రాణం మీదకి తెచ్చుకోకు, చేసింది నేనే అని చెప్పాలి. తువ్వాలు తడుపుకుని సైకిలెక్కాడు.

గంట తర్వాత వచ్చాడు. నీళ్లున్న డబ్బాలో ఆ మురికి స్పాంజిని ముంచి, డబ్బాకి తడిగుడ్డ చుట్టి పట్టుకొచ్చాడు. తొట్టిలో పెట్టి, అరుగు మీద కూలబడ్డాడు. మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. మొహం కందగడ్డలా ఉంది, చెమట మాత్రం లేదు. ఆ రోజే పోతాడేమోనని హడలిపోయాను. పోలేదు. చేపలే పోయాయి. దీపాలవేళకి నల్లది కూడా తేలిపోయింది.

యాత్ర నుంచి వాళ్లు వచ్చిన రోజు వీరాస్వామిని పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను. నాగేశ్వరప్రసాద్ గారు అరిచే మనిషి కాదు, ఆ రోజు మాత్రం అరిచారు.

"నీ మీద నమ్మకంతోనే కదయ్యా అప్పజెప్పి వెళ్లాం. తొమ్మిదిటికి తొమ్మిదీ పోతే ఏమనుకోమంటావు?"

"ఎండండి బాబుగారూ. నీళ్లు వేడెక్కిపోయినియ్యండి," అన్నాడు వీరాస్వామి నేల చూపులు చూస్తూ.

"ఎండాకాలం ఎండ రాక చలి వస్తుందా? పాపం సీతారామలక్ష్మి గారు ఐసు మోశారు, నీళ్లు పోశారు. నువ్వేం చేశావు?"

అతను నా వైపు చూస్తాడేమోనని నేను గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను. చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. "తప్పయిపోయిందండి," అని బక్కెట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

ఒక్క తొట్టి పోతే బతకొచ్చు. కానీ తాడితోటలో ఒక కొట్లో అన్న మాట సాయంత్రానికి పాతిక కొట్లు తిరుగుతుంది. పైగా ఇవి వాస్తు చేపలాయె. వీరాస్వామి చెయ్యి పడితే నిలవవట, ఇంటికి మంచిది కాదట అని పుట్టింది. హస్తవాసి అనే మాట ఎంత తేలిగ్గా వస్తుందో అంతకన్నా తేలిగ్గా పోతుంది. వినాయకచవితి నాటికి అతనికి మూడు తొట్లు మిగిలాయి, దీపావళికి అవీ లేవు. ఇదంతా ప్రసన్నలక్ష్మి గారే మెట్ల దగ్గర నాకు చెప్పేది. నేను అయ్యో అనేదాన్ని.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో డాబా మీదకి మొక్కలు కొందామని నేనూ మా ఆయనా కడియం వెళ్లాం. నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తున్నారు. నెత్తిన బుట్టతో వీరాస్వామి ఎదురొచ్చాడు. బుట్ట దించి దణ్ణం పెట్టాడు. మొహం మాడిపోయి ఉంది.

"బాగున్నారాండమ్మా? అయ్యగారూ, బాగున్నారాండి?"

"నువ్వు ఎండలో పనిచెయ్యకూడదు కదయ్యా," అన్నారు మా ఆయన.

"ఇప్పుడు ఎండేముందండి, చల్లగానే ఉంది. ఏసంగికి ఇంకేదైనా చూసుకుంటానండి."

మా ఆయన పూలకుండీల బేరానికి అటు వెళ్లారు. మేమిద్దరమే మిగిలాం. అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. వీరాస్వామీ, ఆ స్పాంజి కడిగింది నేనే, వెళ్లి ప్రసాద్ గారికి చెప్తాను, నీ తొట్లు నీకొస్తాయి. ఇంతే చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. "ఎండలో జాగ్రత్త," అన్నాను.

"ఆయ్," అన్నాడు. బుట్ట ఎత్తుకున్నాడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు మనుషులే పగిలిపోయారు. మే నెలాఖరున ఒకరోజు పొద్దున్న మా ఆయన పేపరు చదువుతూ ఆగిపోయారు. జిల్లా పేజీలో వడదెబ్బ మృతుల పేర్లు వరుసగా వేశారు. కడియపులంక, నర్సరీ కూలీ వీరాస్వామి, నలభై ఆరు. మొక్కలకి నీళ్లు పెడుతూ పడిపోయాడట. "మన చేపల వీరాస్వామి కాదు కదా," అన్నారు ఆయన. మనవాడే అని నాకు చదవకుండానే తెలిసింది. ఆ రోజు నేను మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి పెట్టేశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు కిందకి దిగి నాగేశ్వరప్రసాద్ గారికి చెప్పాను. భార్యాభర్తలిద్దరూ హాల్లోనే ఉన్నారు. ఈశాన్యం మూల కొత్త తొట్టి, కొత్త చేపలు. ఇల్లు ఖాళీ చెయ్యమంటారనీ, మొహం చూడరనీ ఏడాదిగా ఊహించుకుని ఊహించుకుని చచ్చిన నేను నిలబడే చెప్పాను. ఆయన విని నవ్వారు.

"దీనికా అండీ ఇంత బాధపడుతున్నారు? అప్పుడే చెప్పాల్సింది కదండీ, నవ్వేసి ఊరుకునేవాళ్లం. చేపలేగా!" అన్నారు. ప్రసన్నలక్ష్మి గారు కాఫీ కలిపి తెచ్చింది. ఆ కాఫీ ఎలా తాగానో నాకే తెలీదు.

మర్నాడు కడియపులంక వెళ్లాను. అతని భార్య సువార్తమ్మని నేనెప్పుడూ చూడలేదు. నర్సరీ పక్కన తాటాకు పందిరి కింద కూర్చుని నల్ల సంచుల్లో మట్టి నింపుతోంది. నేనెవరో చెప్పాను. చెయ్యి ఆపకుండానే తలెత్తి చూసింది.

"పై ఓటా అమ్మగారాండి? సెప్పేవోడండి మీ గురించి."

చెప్పాను. పాచి సంగతి చూడమన్న దగ్గర్నుంచీ, లేదే అనడం, కడియంలో నోరు పెగలకపోవడం దాకా, ఒక్కటీ దాచుకోలేదు. మధ్యలో నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నేను ముగించాక చేతిలో ఉన్న సంచి నింపి వరసలో పెట్టింది.

"కడిగినట్టు ఆయనకి తెల్సండి," అంది చివరికి.

"నా పేరు చెప్పాడా?"

"లేదండి. ఎవరు కడిగేరో సెప్పలేదండి. 'నేనే సరిగ్గా సెప్పలేదే, ఇవరంగా సెప్పుంటే ఆళ్లు కడిగేవోరు కాదు, తప్పు నాదే' అనేవోడండి. పోయేదాకా అదే మాటండి. రాత్రిళ్లు లేచి కూర్చుని, ఎలా సెప్పుండాల్సిందో నాకు సెప్పేవోడండి."

నేను ఆవిడ చేతులు పట్టుకోబోయాను. చేతులకి మట్టి ఉందని వెనక్కి తీసుకుంది.

"మీరు ఒక్కమాట ఆయనతో అనుంటే, ఎండలో సచ్చినా ఆ బాద లేకుండా సచ్చేవోడండి," అంది. తర్వాత పందిరి బయటికి చూసింది. "ఎండెక్కిపోతందండి. ఇంటికెల్లిపోండి."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అంది, గుమ్మంలోకి వచ్చిన ఏ మనిషితోనైనా అన్నట్టు.